కొత్త ఛాసీలో 1999 నాటి ఇంజను: గ్లైడర్ ట్రక్కు నిర్మాణ డైరీ

2015 అక్టోబరు 11

ఈ ఉదయం ఒహాయోలో మేము అద్దెకు తీసుకున్న షెడ్డు ముందు గ్లైడర్ కిట్ దిగింది. గ్లైడర్ అంటే ఇంజను, గేరు బాక్సు, వెనుక యాక్సిళ్ళు తప్ప మిగిలినవన్నీ అమర్చి ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త ట్రక్కు. ఛాసీ, క్యాబిన్, పడక గది, ముందు యాక్సిల్, స్టీరింగు, రేడియేటరు, డీజిలు ట్యాంకులు, వైరింగు, వెనుక ఎయిర్ సస్పెన్షన్ బ్రాకెట్లు దానితో వస్తాయి. ఇంజను లేని విమానాన్ని పిలిచే పేరుతోనే దీన్నీ పిలుస్తారు. నేను తెప్పించుకున్నది ఫ్రైట్‌లైనర్ కొరొనాడో కిట్. దానిలో పెట్టబోయేది డెట్రాయిట్ డీజిల్ సిరీస్ 60 ఇంజను, 12.7 లీటర్లది, 1999 నాటిది. రెండూ ఒకే ఇంటి సరుకు కాబట్టి ఇంజను దిమ్మెలు, వైరింగు కొంతవరకైనా కుదురుతాయని ఆ జతను ఎంచుకున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగాను. అక్కడ లారీ ఛాసీ ఇంజనుతో సహా తన చక్రాల మీద తానే నడిచి వచ్చేది. డ్రైవరు తలకు గుడ్డ చుట్టుకుని, ముందు అద్దం కూడా లేని బోసి ఛాసీని వందల మైళ్ళు తోలుకుని వచ్చి మా వీధిలో ఆపితే, కర్ర పనివాళ్ళు, రేకు పనివాళ్ళు దానికి క్యాబిన్, బాడీ కట్టేవారు. ఇక్కడ అంతా తలకిందులు. క్యాబిన్‌లో సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు, దాన్ని కదిలించే యంత్రమే లేదు.

నియమం ఏమిటో మొదటే రాసుకుంటున్నాను, ఎందుకంటే ఏ భాగం కొనాలో అదే నిర్ణయిస్తుంది. ఇంజను, గేరు బాక్సు, నడిపే యాక్సిళ్ళు మూడూ వాడినవే అయి ఉండి, వాటిలో కనీసం రెండు ఒకే పాత బండి నుంచి తీసినవైతే, ఫెడరల్ రవాణా భద్రతా నిబంధనల దృష్టిలో ఈ ట్రక్కు కొత్తగా తయారైనది కాదు. అందుకే విడివిడిగా దొరికిన భాగాలను పోగు చేసుకోకుండా, ముందు భాగం దెబ్బతిన్న పూర్తి ట్రక్కు ఒకటి వెతుకుతున్నాను.

2015 అక్టోబరు 24

దాత బండి దొరికింది. పాత ట్రక్కుల యార్డులో 1999 నాటి ట్రాక్టరు, క్యాబిన్ ఎడమ వైపు నలిగిపోయింది, ఛాసీ వంగింది, ఇంజనుకు దెబ్బ తగల్లేదు. గేరు బాక్సు ఈటన్ ఫుల్లర్ ఆర్‌టీఎల్‌ఓ-16913ఏ, అంటే పదమూడు గేర్లది. వెనుక యాక్సిళ్ళు మెరిటార్ ఆర్‌టీ-40-145, క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.55. మూడూ ఒకే బండివి కావడం నాకు కావలసినదానికన్నా ఎక్కువే.

ఇంజను 6 లక్షల మైళ్ళు తిరిగిందనీ, మధ్యలో ఒకసారి పూర్తిగా విప్పి బాగు చేశారనీ యార్డువారు చెప్పారు. ఆ మాటను నమ్మడానికీ కొట్టిపారేయడానికీ ఆధారం ఇంజను పక్కన బిగించి ఉన్న కంప్యూటరులోనే ఉంటుంది. బ్యాటరీ తగిలించి, చదివే పరికరం పెట్టి చూస్తే 9 లక్షల 40 వేల మైళ్ళు కనిపించాయి. అయితే ఆ అంకెను కూడా వెంటనే నమ్మకూడదు, ఎందుకంటే కంప్యూటరును మరో ఇంజను నుంచి తెచ్చి బిగించే అలవాటు ఉంది. కంప్యూటరులో దాచి ఉన్న ఇంజను క్రమ సంఖ్యనూ, బ్లాకు మీద చెక్కిన సంఖ్యనూ పక్కపక్కన పెట్టి అంకె అంకె సరిచూశాను. రెండూ 06ఆర్ తో మొదలై చివరి వరకూ కలిశాయి. కాబట్టి 9 లక్షల 40 వేలే నిజం. ధర తగ్గించి ఇమ్మని అడిగితే ఇచ్చారు. తక్కువ తిరిగిన ఇంజనుగా కొని ఉంటే లోపల ఏముందో చూడకుండానే బిగించేవాణ్ణేమో. ఎక్కువ తిరిగిందని తెలిశాక పూర్తిగా విప్పడం తప్ప వేరే దారి లేదు.

2015 నవంబరు 15

మూడు వారాల సాయంత్రాలు విప్పడానికే పట్టాయి. షెడ్డు యజమాని నలభై ఏళ్ళుగా డీజిలు ఇంజన్ల మీదే పనిచేసిన పెద్దాయన. సిరీస్ 60 మార్కెట్లోకి వచ్చిన 1987 నుంచీ ఆయనకు దానితో పరిచయం. ఒక్కొక్క భాగం బయటికి రాగానే దాని స్థానం రాసిన చీటీ కట్టి బల్ల మీద వరుసగా పెట్టించాడు. ఆటోనగర్‌లో మా నాన్నగారు కూడా ఇలాగే, పుష్ రాడ్‌లను అట్టముక్కకు పొడిచి ఒకటి నుంచి పన్నెండు వరకు సుద్దతో అంకెలు వేయించేవారు. ఈ ఇంజనులో పుష్ రాడ్‌లు ఉండవు, క్యామ్‌షాఫ్టు హెడ్ పైనే ఉంటుంది. అలవాటు మాత్రం ఒకటే.

పిస్టన్లు, రింగులు వయసుకు తగినట్టే అరిగాయి. బేరింగు చిప్పలలో తెల్లని పై పూత పోయి కింది రాగి రంగు అక్కడక్కడ కనిపిస్తోంది. ఇవేవీ నన్ను ఆశ్చర్యపరచలేదు. నాలుగో లైనరును, అంటే పిస్టన్ లోపల ఆడే గొట్టాన్ని, పుల్లరుతో పైకి లాగి, తుడిచి, దీపం కిందికి తెచ్చి చూసినప్పుడు మాత్రం చేయి ఆగిపోయింది. లోపలి గోడ నునుపుగా, మెరుస్తూ, ఏ గీతా లేకుండా ఉంది. బయటి గోడ మీద, అంటే ఎప్పుడూ నీళ్ళు తగిలే వైపున, పిస్టన్ ఒరుసుకునే దిశలో రెండంగుళాల వెడల్పు పట్టీ మేర చెదలు తిన్న చెక్కలాగా సన్నని గుంటలు. గుండుసూది మొన దించితే ఒక గుంట మిగిలినవాటికంటే చాలా లోతుకు దిగింది. ఇంకొంతకాలం తిరిగి ఉంటే అది లోపలి గోడను చీల్చుకుని, నీళ్ళు సిలిండరులోకి, అక్కడి నుంచి నూనెలోకి చేరేవి.

దీనికి కారణం తుప్పు ఒక్కటే కాదు. ప్రతి పేలుడుకూ పిస్టన్ ఒక గోడ నుంచి మరో గోడకు ఒరిగి తగిలినప్పుడు లైనరు గంటలాగా సన్నగా అదురుతుంది. ఆ అదురుకు బయటి నీటిలో క్షణకాలం ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే లైనరు మీదే పగిలి, ప్రతిసారీ లోహపు రేణువును పెకలిస్తాయి. రేడియేటరు నీటిలో కలపవలసిన నైట్రైటు మందు లైనరు మీద సన్నని పొర ఏర్పరచి దీన్ని అడ్డుకుంటుంది. దాన్ని కాగితపు పట్టీలు ముంచి రంగు చూసి సరిచూసుకోవాలి, తగ్గితే కలపాలి. చేయవలసిన పని అంత చిన్నది. పాత యజమాని ఎవరో ఏళ్ళ తరబడి అది చేయలేదు. నూనె మాత్రం వేళకు మార్చినట్టుంది, లోపలి గోడ శుభ్రతే అందుకు సాక్ష్యం.

ఆరు లైనర్లూ, పిస్టన్లూ, రింగులూ, బేరింగులూ కొత్తవి పంపమని రాశాను. 130 మిల్లీమీటర్ల బోరు, 160 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఆ కొలతలు మారలేదు.

2015 డిసెంబరు 12

బ్లాకు లేత్ పనివారి దగ్గరి నుంచి తిరిగి వచ్చింది. లైనరు పై అంచు కూర్చునే గట్టును సరిచేయించాను. మన భాషలో బోరు పని అంటే ఇదంతా కలిపే. లైనరు అంచు బ్లాకు పై ముఖానికి ఎంత ఎత్తులో నిలిచిందన్నది హెడ్ గాస్కెట్ ఆయుష్షును నిర్ణయిస్తుంది. అందుకే షెడ్డుకు తెచ్చాక ఒక్కొక్క లైనరునూ పొడిగా దించి, నాలుగు చోట్ల డయల్ గేజీతో కొలిచి, పుస్తకంలోని హద్దులతో పోల్చాను. రెండో లైనరు ఒక వైపు తక్కువ చూపింది. పైకి తీస్తే గట్టు మీద వెంట్రుక మందాన లోహపు పొట్టు ఇరుక్కుని ఉంది. తుడిచి మళ్ళీ దించాక నాలుగు వైపులా సరిపోయింది. పని చేసి ఇచ్చినవారి మీద నమ్మకం ఉండవచ్చు, కొలత మాత్రం మనమే తీసుకోవాలి.

ఆటోనగర్‌లోనే ఇంకా లారీ ఇంజన్ల పని చేస్తున్న అన్నయ్య ఫోనులో ఇదంతా విని, "ఒరేయ్, అంత డబ్బు పెట్టి కొత్త బండి కొనుక్కుని దానికి పదహారేళ్ళ ఇంజను ఎందుకురా?" అని అడిగాడు. ఇంతకు ముందు నేను నడిపిన ట్రక్కు గురించి చెప్పాను. దానికి పొగను మళ్ళీ సిలిండర్లలోకి తిప్పే ఏర్పాటూ, మసిని పట్టే ఫిల్టరూ ఉండేవి. ఏడాదిన్నరలో అది నన్ను పదకొండుసార్లు రోడ్డు పక్కన నిలబెట్టింది, వాటిలో తొమ్మిదిసార్లు కారణం ఆ రెండు ఏర్పాట్లలోనే ఉంది. ఒకే బండి ఉన్నవాడికి బండి ఆగితే ఇల్లు ఆగుతుంది.

అయితే అన్నయ్యకు చెప్పని రెండో భాగం ఇక్కడ రాయాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం ఈ ఇంజను తయారైన నాటికి ఒక హార్స్‌పవరు గంటకు 4 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు, 0.10 గ్రాముల మసి అనుమతించేవారు. 2010 ప్రమాణాలలో అవి 0.20, 0.01 గ్రాములకు దిగాయి. అంటే అనుమతించిన పరిమాణంలోనే మొదటిది ఇరవై రెట్లు, రెండోది పది రెట్లు తేడా. ఈ జులైలో ప్రచురించిన కొత్త ముసాయిదాలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ గ్లైడర్లకు కూడా కొత్త ఇంజన్ల ప్రమాణాలే పెట్టాలని ప్రతిపాదించింది. ఆ వాదనలో నిజం ఉందని నేను ఒప్పుకుంటున్నాను. నా కుటుంబాన్ని నిలబెట్టుకోవడానికి ఈ ఇంజనును ఎంచుకున్నాను, దాని పొగ పీల్చేవారిలో నా పిల్లలూ ఉన్నారు. కనీసం ఈ ఇంజనుకు సాధ్యమైనంత శుభ్రంగా మండేటట్టు ఇంజెక్టర్లు, టర్బో, గాలి గొట్టాల విషయంలో ఖర్చుకు వెనకాడనని నిర్ణయించుకున్నాను. కంప్యూటరులోని అమరికలను శక్తి కోసం పెంచే పని కూడా పెట్టుకోను.

2016 జనవరి 30

క్రాంకు, పిస్టన్లు, ముందు గేర్ల వరుస, హెడ్ బిగించడం పూర్తయింది. ఈ ఇంజనులో పెద్ద ఐడ్లర్ గేరు బేరింగు అరిగి గేర్ల వరుసనే పాడుచేసిన సందర్భాలు పెద్దాయన చూశాడట. అందుకని మా దానిలో అది బాగానే కనిపించినా మార్చేశాం. ఇంజెక్టర్లు పరీక్షించి బాగుచేసినవి ఆరూ ఒకేసారి తెప్పించాను. ప్రతి ఇంజెక్టరు ఎత్తునూ దానికి నిర్దేశించిన గేజీతో సరిచేసి, వాల్వుల సందు లోపలికి గాలి వచ్చేవాటికి 0.008 అంగుళం, పొగ పోయేవాటికి 0.026 అంగుళం పెట్టాను. మండే వరుస 1-5-3-6-2-4.

2016 మార్చి 5

యాక్సిళ్ళ పని అనుకున్నదానికంటే తేలికగా సాగింది. ఉత్తరాది రోడ్ల మీద చలికాలంలో చల్లే ఉప్పుకు బయటి పెంకు పొరలు పొరలుగా ఊడింది గానీ లోపల క్రౌన్, పినియన్ పళ్ళు మంచి స్థితిలో ఉన్నాయి. సీళ్ళు, చక్రాల బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, లైనింగులు, స్లాక్ అడ్జస్టర్లు అన్నీ కొత్తవి. 1997 మార్చి తరువాత తయారైన ట్రాక్టర్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి దాత బండి హబ్బులలో పళ్ళ చక్రాలు అప్పటికే ఉన్నాయి. కొత్త కిట్టులోని సెన్సర్లకు అవే సరిపోయాయి.

2016 మార్చి 26

ఈ వారం అంతా ఒక్క ఫ్లైవీల్ హౌసింగు దగ్గరే గడిచింది.

హౌసింగు ఇంజను వెనుక బిగించే పెద్ద పోత ఇనుప చట్రం. గేరు బాక్సు దానికే తగులుతుంది. ఇంజను క్రాంకు, గేరు బాక్సు లోపలి షాఫ్టు ఒకే గీత మీద తిరగాలంటే ఈ హౌసింగు నడిమి గుండ్రం క్రాంకుతో ఏకకేంద్రంగా ఉండాలి. చాలా మంది ఇక్కడ కొలవరు, ఎందుకంటే బోల్టులు బిగుసుకుంటాయి, గేరు బాక్సు కూర్చుంటుంది, బండి నడుస్తుంది. ఏడాది తరువాత క్లచ్ ప్లేటు నడుమ పగిలినప్పుడు నేరం క్లచ్ మీద పడుతుంది.

ఫ్లైవీలుకు అయస్కాంతంతో డయల్ గేజీ అతికించి, దాని ముల్లును హౌసింగు లోపలి అంచుకు ఆనించి, పెద్దాయన క్రాంకును చేత్తో మెల్లగా తిప్పుతుంటే నేను అంకె చదివాను. హద్దు 0.008 అంగుళం. మాకు 0.014 వచ్చింది. బోల్టులు వదులు చేసి, మళ్ళీ వరుసలో బిగించి కొలిస్తే 0.013. హౌసింగును దించి వెనుక ముఖం చూస్తే, పాత రంగు రెండు పొరలుగా ఎండి ఉంది, హౌసింగును దాని స్థానంలో నిలిపే కింది డోవెల్ పిన్ను అంచు ఎప్పుడో సుత్తి దెబ్బకు పుట్టగొడుగులాగా విచ్చుకుంది. రంగు గీకి, ముఖాన్ని సానరాయితో తుడిచి, డోవెల్ పిన్నులు రెండూ కొత్తవి వేసి, తిరిగి ఎక్కించి తిప్పితే ముల్లు 0.005 దాటలేదు. పెద్దాయన ఏమీ అనలేదు, తన చొక్కా జేబులోని పెన్నుతో హౌసింగు మీదే ఆ అంకె, తేదీ రాశాడు.

ఈ పని మొదలుపెట్టినప్పుడు కష్టమంతా ఇంజను లోపలే ఉంటుందని అనుకున్నాను. ఇంజను లోపలి పనికి పుస్తకం ఉంది, కొలతలున్నాయి, ఏ భాగం కావాలన్నా ఇవ్వాళ కోరితే ఎల్లుండి వస్తుంది. కొత్త ఛాసీకి కూడా పుస్తకం ఉంది. పాతది కొత్తదాన్ని తాకే చోటికే పుస్తకం లేదు. ఇప్పటివరకు పోయిన గంటలు లెక్క వేసుకుంటే ఎక్కువ భాగం అలాంటి చోట్లలోనే పోయాయి.

2016 ఏప్రిల్ 17

ఇంజను ఛాసీలోకి దిగింది. నూనె లేకుండానే సుమారు 2,600 పౌండ్ల బరువు. గొలుసుల మీద వేలాడుతూ, క్యాబిన్ ముందు గోడకు వేలెడు దూరంలో కిందికి దిగుతున్నంతసేపూ ఎవరమూ మాట్లాడుకోలేదు. దిమ్మెల రంధ్రాలు కుదిరాయి. గేరు బాక్సును మరునాడు ఎక్కించాం. 15.5 అంగుళాల క్లచ్, విడుదల బేరింగుకూ క్లచ్ బ్రేకుకూ మధ్య అర అంగుళం సందు.

తరువాత జాయింట్ షాఫ్టు. ఆటోనగర్‌లో షాఫ్టు చివరల్లోని క్రాస్‌లు ఊరికే పోతున్నాయంటూ వచ్చే లారీలు ఎన్నో చూశాను. క్రాస్ మార్చి పంపేవారే గానీ కోణం కొలిచినవారు తక్కువ. షాఫ్టుకు ఆ చివరా ఈ చివరా ఏర్పడే కోణాలు మూడు డిగ్రీల లోపు ఉండాలి, ఒకదానికొకటి ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. కోణం తేడాగా ఉంటే షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ఆ తేడా రెండో చివర రద్దు కాకపోతే అదురు అంతా గేరు బాక్సుకూ క్రౌన్‌కూ వెళ్తుంది.

మొదటిసారి కొలిస్తే ముందు 1.4, వెనుక 3.1 వచ్చింది. యాక్సిల్‌ను వంచడానికి షిమ్ముల (సందులో పెట్టే పలుచని రేకు ముక్కల) కోసం వెతుకుతుండగా పెద్దాయన ఎయిర్ బెల్లోస్ ఎత్తు కొలవమన్నాడు. ఎత్తును సరిచేసే వాల్వు కడ్డీ ఒక మర తక్కువగా బిగించి ఉండటం వల్ల ఛాసీ వెనుక భాగం నిర్దేశించిన ఎత్తుకంటే కిందికి కూర్చుంది. దాన్ని సరిచేసి, గాలి పూర్తిగా నింపి మళ్ళీ కొలిస్తే వెనుక 1.7 వచ్చింది. ఒక్క షిమ్ము కూడా అవసరం పడలేదు. బండి నిలబడవలసిన ఎత్తులో నిలబడకుండా కోణాలు కొలవడం వృథా అని ఇక మరిచిపోను.

2016 మే 21

వైరింగు నెల రోజులు తీసుకుంది. ఇంజను కంప్యూటరు 1990ల నాటిది, క్యాబిన్‌లోని మీటర్లు ఈ దశాబ్దానివి. ఇంజను తన సమాచారంలో ఎక్కువ భాగాన్ని జె-1587 అనే పాత మార్గంలో పంపుతుంది, కొంత భాగాన్ని జె-1939 అనే కొత్త మార్గంలో కూడా పంపగలదు. మీటర్లు ప్రధానంగా కొత్త మార్గాన్నే వింటాయి. ఈ ఇంజనుకు తగినట్టే కిట్టును తయారుచేశారు కాబట్టి మీటర్లు పలకాలి. తాళం తిప్పితే పలికాయి కూడా. కానీ చుట్టుల మీటరు ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడి లేస్తోంది, నూనె ఒత్తిడి మీటరు ఒకసారి చూపి మరోసారి చూపడం లేదు.

మూడు రోజులు సెన్సర్ల చుట్టూ తిరిగాను. నాలుగో రోజు బ్యాటరీలు విప్పేసి, డ్యాష్‌బోర్డు కింద ఉండే తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్‌లో సి, డి పిన్నుల మధ్య మీటరు పెట్టాను. అవే కొత్త మార్గపు రెండు తీగలు. ఆ తీగల జత రెండు చివరలా 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి ఉంటుంది, రెండూ ఉంటే మధ్యలో ఎక్కడ కొలిచినా 60 రావాలి. నాకు 120 వచ్చింది. అంటే ఒక చివర తెగిపోయి గాలిలో ఉంది, పంపిన సంకేతం అక్కడ తగిలి వెనక్కి మళ్ళి వెనుక వచ్చే సంకేతాన్ని చెడగొడుతోంది.

తప్పు నాదే. దాత బండి నుంచి ఇంజను దించేటప్పుడు తొందరలో క్యాబిన్ వైపు తీగల కట్టను కోసి పక్కన పడేశాను. ఇంజను వైపు చివరి నిరోధం ఆ కట్టతోనే పోయింది. నాలుగు డాలర్ల వస్తువు కోసం నాలుగు రోజులు. అది తగిలించగానే మీటరు 60 చూపింది, ఆ తరువాత ముళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు.

2016 జూన్ 11

నేడు ఇంజను మోగింది.

ముందు రోజే ఒత్తిడి పాత్రతో నూనెను ప్రధాన మార్గంలోకి ఎక్కించి, హెడ్ మూత తీసి చూస్తూ, చివరి రాకరు దగ్గర కూడా నూనె ఊరేదాకా ఆపలేదు. పొడి బేరింగుల మీద తొలి చుట్టు తిరగడమే కొత్త ఇంజనుకు అతి పెద్ద ప్రమాదం. ఇంధనం ఇవ్వకుండా సెల్ఫ్‌తో ఇరవై సెకన్లు తిప్పి, నూనె ఒత్తిడి మీటరు కదిలిందని నిర్ధారించుకుని, తరువాత తాళం పూర్తిగా తిప్పాను. రెండు చుట్లు ఊరకే తిరిగింది, మూడో దానికి ఒక సిలిండరు పలికింది, తరువాత రెండు, తరువాత ఆరూ. తెల్లని పొగ ఒక నిమిషం వచ్చి పలుచబడింది. షెడ్డు రేకులు సన్నగా అదురుతున్నాయి. ఫోను పట్టుకుని అన్నయ్యకు ఆ శబ్దం వినిపించాను. విజయవాడలో అప్పుడు అర్ధరాత్రి. ఆయన చాలాసేపు విని, "ఐదో దాని దగ్గర ఏదో టిక్కుమంటోంది, చూడరా" అన్నాడు. చూస్తే జేక్ బ్రేకు (ఇంజనుతోనే బండి వేగాన్ని తగ్గించే ఏర్పాటు) సర్దుబాటు మర ఒకటి వదులుగా ఉంది.

ఇంకొక చిన్న లోపం: డీజిలు గొట్టాలలో పాతవి వాడుకున్న రెండిటి చివరల కారడం మొదలైంది. ఇక్కడి డీజిలులో 2006 నుంచి గంధకం పదిలక్షల్లో 15 వంతులకు తగ్గించారు. ఆ మార్పు తరువాత పాత రకం రబ్బరు సీళ్ళు కొన్ని ముడుచుకుని కారడం అందరికీ అనుభవమే. రెండు గొట్టాలూ సీళ్ళతో సహా మార్చాను.

2016 జులై 9

కాగితాల పని. ఇంజను, గేరు బాక్సు, యాక్సిళ్ళ క్రమ సంఖ్యలు వేసిన కొనుగోలు రసీదులు, దాత బండి యాజమాన్య పత్రం (టైటిల్), కిట్టు తయారీ పత్రం అన్నీ ఒకే సంచిలో పెట్టి సమర్పించాను. భారీ ట్రక్కుల తొలి అమ్మకంపై ఉండే 12 శాతం ఫెడరల్ పన్ను విషయంలో, పాత బండిని బాగుచేసిన ఖర్చు అలాంటి కొత్త బండి ధరలో 75 శాతం దాటకూడదన్న నియమం ఉంది. నా లెక్కలన్నీ ఆ దృష్టితో లెక్కల ఆయన మరోసారి కూడి సరిచూశాడు.

రోలర్ల మీద నిలిపి శక్తి కొలిచారు. ఈ అమరికలో ఇంజను ఫ్లైవీలు వద్ద 500 హార్స్‌పవరు, 1,650 పౌండ్-అడుగుల టార్కు ఇవ్వాలి. చక్రాల వద్ద 418 వచ్చింది. గేర్లలో, యాక్సిళ్ళలో, టైర్లలో పోయేది పోగా ఇది ఆరోగ్యకరమైన అంకె. పొగ గొట్టం చివర తెల్ల గుడ్డ పట్టి చూశాను, పూర్తి భారంలో లేత బూడిద రంగు మరక మాత్రమే పడింది. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి గుడ్డ చెప్పదని నాకు తెలుసు.

2016 ఆగస్టు 20

తొలి పూర్తి భారం. ఉక్కు చుట్టలు, ట్రెయిలరుతో కలిపి 80,000 పౌండ్ల హద్దుకు కొంచెం కింద. ఒహాయో నుంచి బాల్టిమోర్ వైపు ఐ-68 మీదుగా వెళ్ళాను. మేరీల్యాండ్‌లో కొండను నిలువునా కోసి వేసిన సైడ్‌లింగ్ హిల్ ఎక్కుడు దగ్గర నీళ్ళ వేడి 205 డిగ్రీల ఫారన్‌హీట్ దాటలేదు, ఫ్యాను ఒకేసారి తగిలి ఆగింది. దిగుడులో జేక్ బ్రేకే బండిని పట్టింది, కాలి బ్రేకు రెండుసార్లు మాత్రమే తాకాను. చదును రోడ్డు మీద 65 మైళ్ళ వేగంలో ఇంజను సుమారు 1,400 చుట్లు తిరుగుతోంది. 0.73 టాప్ గేరుకూ 3.55 నిష్పత్తికీ కాగితం మీద వేసుకున్న లెక్క అదే. షాఫ్టులో ఏ అదురూ లేదు. పోను రాను సగటున గ్యాలనుకు 6.9 మైళ్ళు వచ్చింది.

ఈ వారంలోనే, 16వ తేదీన, పర్యావరణ సంస్థ తుది నియమాలు ప్రకటించింది. 2018 నుంచి, కొద్ది సంఖ్యలో తయారుచేసే చిన్న సంస్థలకు ఇచ్చిన పరిమిత మినహాయింపు తప్ప, గ్లైడర్లలో పెట్టే ఇంజను ఆ ఏటి ప్రమాణాలను అందుకోవాలి. ఇలాంటి బండిని నేను మళ్ళీ కట్టుకోలేను. పశ్చిమ తీరం సరుకు కూడా దీనితో ఒప్పుకోలేను. కాలిఫోర్నియాలో 2023 నాటికి దాదాపు అన్ని భారీ ట్రక్కులకూ 2010 ప్రమాణపు ఇంజను ఉండాలి. ఈ రెండూ తెలిసే మొదలుపెట్టిన పని.

2018 జనవరి 14

బండి 1 లక్షా 60 వేల మైళ్ళు తిరిగింది. నిలిచిపోయింది రెండేసార్లు, ఒకసారి ఆల్టర్నేటరు వల్ల, ఒకసారి టైరు వల్ల. నూనె నమూనాలు ప్రతి మార్పుకూ ప్రయోగశాలకు పంపుతున్నాను. రాగి, ఇనుము అంకెలు నిలకడగా ఉన్నాయి. గత నెల 18 నుంచి డ్రైవర్ల పని గంటలను ఎలక్ట్రానిక్ పరికరంతో నమోదు చేయాలన్న నియమం అమలులోకి వచ్చింది. ఇంజను 2000 మోడలుకంటే పాతదైతే మినహాయింపు ఉంది, కాబట్టి నేను ఇంకా కాగితం మీదే రాస్తున్నాను. ఇంజను సంవత్సరాన్ని నిరూపించే పత్రాలు ఆఫీసులో ఉంటే చాలు, అయినా ఒక నకలు బండిలోనూ ఉంచుతున్నాను.

ఈ ఆదివారం వాల్వుల సందులు మళ్ళీ చూశాను. పన్నెండు జతల్లో మూడు మాత్రమే కొద్దిగా మారాయి. రేడియేటరు మూత తీసి పట్టీ ముంచితే నైట్రైటు రంగు హద్దుకు కొంచెం కిందికి జారింది. ఒక సీసా మందు కలిపి, పట్టీ ఎండాక తేదీ వేసి లాగ్ పుస్తకంలో అతికించాను.